ఊరూ పేరూ లేని కత్తులు

షెఫీల్డ్, సోలింగెన్, సెకీ, యాంగ్‌జియాంగ్... కత్తులు తయారయ్యే ఊళ్ళు రెండు శతాబ్దాలుగా మారుతూ వస్తున్నాయి. ముద్ర చూసి కత్తి పుట్టిన ఊరు చెప్పగల సేకర్తలు ప్రపంచమంతటా ఉన్నారు. చింతపల్లి మన్యంలో కొలిమి మీద పుట్టే కత్తికి మాత్రం ఏ ముద్రా ఉండదు.

నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి లంబసింగి దాటితే చింతపల్లి. సంత రోజున బట్టల కొట్లకూ ఎండుచేపల బుట్టలకూ నడుమ ఇనుప సామాను వరస ఒకటి పరుచుకుంటుంది. గోనెపట్టా మీద కత్తులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు, పారలు. కొనడానికి వచ్చిన రైతు ముందుగా ధర అడగడు. కత్తి చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి వీపు పొడవునా చూస్తాడు, వంకర ఉందేమోనని. గోటితో రేకు మీద కొట్టి చప్పుడు వింటాడు. బొటనవేలిని వాదరకు అడ్డంగా ఆనిస్తాడు. పిడి బిగువు చూసుకుంటాడు. బేరం ఆ తర్వాతే.

ఆ వరసలో ఇప్పుడు రెండు రకాల సరుకు కనిపిస్తుంది. ఒకటి చుట్టుపక్కల ఊళ్ళో కమ్మరి కొట్టి తెచ్చింది. నల్లగా ఉంటుంది, సుత్తి దెబ్బలు కనిపిస్తుంటాయి, ఏ రెండూ ఒక్కలా ఉండవు. రెండోది మైదానం నుంచి లారీలో వచ్చిన ఫ్యాక్టరీ సరుకు. రంగు పూత, ప్లాస్టిక్ పిడి, కంపెనీ ముద్ర. అది ఎక్కడ తయారైందో దాని మీదో, అట్టపెట్టె మీదో అచ్చేసి ఉంటుంది. కమ్మరి కత్తి మీద ఒక్క అక్షరమూ ఉండదు. కొన్నవాడికి కమ్మరి తెలుసు, ఊరు తెలుసు. అతనికి అది చాలు. కానీ ఆ కత్తి మరో చేతికి వెళ్ళిందంటే చేసినవాడి పేరు అక్కడితో తెగిపోతుంది.

కత్తులు సేకరించేవాళ్ళ లోకంలో ఇంతకంటే పెద్ద నష్టం లేదు. వాళ్ళు కత్తిని చేతికి తీసుకోగానే మొదట వెతికేది పిడికీ అలుగుకూ మధ్య, అంగుళం కూడా లేని చోట కొట్టిన ముద్రను. కంపెనీ పేరు, ఊరి పేరు, కొన్నిటి మీద ఏడాది గుర్తు. ఒకే నమూనా, ఒకే ఉక్కు, ఒకే కొలత ఉన్న రెండు కత్తుల ధరలు ఆ ముద్రను బట్టే వేరవుతాయి.

లారీ కమాను నుంచి కత్తి దాకా

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ‘కమ్మర’ అని ఒక తెగ ఉంది. మైదానంలో ఇనుప పని చేసే విశ్వబ్రాహ్మణులు వెనుకబడిన తరగతుల్లోకి వస్తారు. మన్యంలోని కొండ కమ్మరులు గిరిజనులు. భగత, కొండదొర, కోందు, గదబ, పోర్జ, వాల్మీకి, కోటియా ఊళ్ళ రైతులకు నాగటి కర్రు నుంచి బాణం ములికి దాకా సమకూర్చినవాళ్ళు వీళ్ళే. పనికి కూలి డబ్బుగా కాక ఏడాదికింతని ధాన్యం రూపంలో, మేరగా అందుకునే పద్ధతి ఈ చేతివృత్తిని చాలాకాలం నిలబెట్టింది. తొలకరికి ముందు కొలిమి దగ్గర రద్దీ. ఊరంతా పనిముట్లు పట్టుకొచ్చి కూర్చుంటుంది. ఎవరి కత్తికి ఏమైందో అందరికీ తెలుస్తుంది.

కొలిమి చూడటానికి చిన్నదే. నేలలో ఒక గుంట, గాలికి తిత్తి లేదా చేత్తో తిప్పే పంకా, మొద్దులో దిగేసిన దాగలి, పట్టకారు, సుత్తి, సమ్మెట, ఆకురాయి, పక్కన నీళ్ళ తొట్టి. ముడిసరుకు మాత్రం కొండది కాదు. పాత లారీల కింద నుంచి ఊడదీసిన కమాను పట్టీలు నర్సీపట్నం లాంటి ఊళ్ళ తుక్కు కొట్లలో దొరుకుతాయి. ఇంటి స్లాబులో వేసే కడ్డీలో కార్బన్ 0.3 శాతానికి మించదు. ఎంత కాల్చి ముంచినా దానికి పదును నిలవదు. కమాను పట్టీలో కార్బన్ సగం శాతం దాకానో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. అది నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, సరిగ్గా కాల్చితే విరగకుండా వంగుతుంది. టన్నుల బరువు మోస్తూ గుంతల రోడ్ల మీద ఏళ్ళ తరబడి వంగి లేచిన ఉక్కు అది. ఏ పట్టీ కత్తికి పనికొస్తుందో కమ్మరి చప్పుడును బట్టీ, నిప్పురవ్వను బట్టీ చెబుతాడు.

ముక్కను ఎర్రగా కాల్చి, ఇద్దరు పని మొదలుపెడతారు. కమ్మరి పట్టకారుతో పట్టుకుని చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో చూపిస్తాడు, ఎదుటివాడు అక్కడ సమ్మెట దించుతాడు. ఇనుము సాగుతుంది, వీపు మందంగా ఉంటుంది, వాదర వైపు పలచబడుతుంది. మొన దగ్గర చిన్న వంపు వస్తుంది. వెదురు నరికేటప్పుడు కొమ్మను లాగి పట్టేది ఆ వంపే. పిడిలోకి దిగే తోకను సన్నగా సాగదీస్తారు. ఆ తర్వాత ఆకురాయి.

అసలు పరీక్ష ఆఖర్న వస్తుంది. వాదర చెర్రీపండు ఎరుపుకు రాగానే, అంచు మేరకే నీళ్ళలో ముంచుతారు. వీపులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంది. రాయి మీద గబగబా రుద్ది తెల్లబరిచిన చోట రంగులు మారుతూ కనిపిస్తాయి. ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. కావలసిన రంగు వాదరను తాకగానే మళ్ళీ ముంచేయాలి. తొందరపడితే అంచు గాజులా గట్టిగా ఉండి వెదురు కణుపు దగ్గర పెచ్చు లేస్తుంది. ఆలస్యమైతే మెత్తబడి మడత పడుతుంది. ఫ్యాక్టరీలో ఈ పనికి ఉష్ణోగ్రత కొలిచే కొలిమి ఉంటుంది. ఇక్కడ కళ్ళు తప్ప వేరే సాధనం లేదు. వెలుతురు ఎక్కువైతే రంగు తెలియదు కాబట్టి కొలిమిని ఎప్పుడూ నీడపట్టునే పెడతారు.

పిడి బిగించి పొన్ను తొడిగితే కత్తి సిద్ధం. ఇది తుప్పు పడుతుంది, నిజమే. కానీ అడవిలో వాగు ఒడ్డున దొరికిన రాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే మళ్ళీ తెగుతుంది. బజారులో దొరికే చవక స్టెయిన్‌లెస్ కత్తి తుప్పు పట్టదు గానీ అరిగాక ఆ రాయికి లొంగదు. మన్యం రైతు ఇంకా కమ్మరి కత్తి కొనడానికి కారణం పాత అలవాటు అనుకుంటే పొరపాటు. అది పనికి తగిన లోహం.

అడవి, చట్టం, 1922

ఈ కొండల్లో కత్తితో పడని రోజు లేదు. పోడుకు పొదలు కొట్టాలన్నా, జీలుగు చెట్టెక్కి గెల కోసి కల్లు దించాలన్నా, విస్తళ్ళకు అడ్డాకు కోయాలన్నా, వెదురు చీల్చి తడక అల్లాలన్నా, కాఫీ తోటలో కలుపు నరకాలన్నా కత్తి కావాల్సిందే. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు కదిలేటప్పుడు విల్లంబులతో పాటు కత్తులూ గొడ్డళ్ళూ బయలుదేరతాయి.

అందుకే అడవి మీద చట్టం వచ్చినప్పుడు అది నేరుగా కత్తి మీద పడింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో చెట్టు నరకడాన్ని నేరం చేసింది. నరికినవాడి కలపతో పాటు పనిముట్లనూ స్వాధీనం చేసుకునే అధికారం అటవీ సిబ్బందికి ఇచ్చింది. పోడు రైతుకు కత్తి పోవడమంటే ఆ ఏటి పంట పోవడమే. దానికి తోడు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి. ఈ రెండూ కలిసి రగిల్చిన కోపమే అల్లూరి సీతారామరాజు వెనక జనాన్ని నిలబెట్టింది. ఈనాడు కమ్మరికి కమాను పట్టీలు మోసుకొచ్చే రోడ్డుకు ఉన్న చరిత్ర ఇది.

1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కాయి. ఏమేం తీసుకెళ్ళిందీ రాసి పెట్టి మరీ వెళ్ళాడాయన. ప్రభుత్వమూ తన తుపాకులకు లెక్క రాసుకుంది. ఆ దళంలోని గిరిజనులు అప్పటిదాకా నమ్ముకున్నవి విల్లంబులు, కత్తులు, గొడ్డళ్ళు. వాటిని కొట్టి ఇచ్చిన కమ్మరుల పేర్లు మాత్రం ఏ జాబితాకూ ఎక్కలేదు. రాజు అనుచరులు గాం గంటందొర, మల్లుదొరల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండాలి కూడా. వాళ్ళ చేతికి ఆయుధం అందించిన కొలిమికీ అందులో ఒక వాక్యం దక్కాల్సింది.

కోనసముద్రం ఉక్కు, డమాస్కస్ పేరు

చేసిన ఊరి పేరు పోవడం తెలుగు నేలకు కొత్త కాదు. ఇంతకంటే చాలా పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది.

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. 1820ల్లో హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త అక్కడికి వెళ్ళాడు. లాంబ్టన్ నడిపిన గొప్ప త్రికోణమితి సర్వేలో పనిచేసినవాడు. రెండు వేర్వేరు ఊళ్ళ ఇనుమును పాళ్ళ ప్రకారం మట్టి మూసలో వేసి, మూత బిగించి, తిత్తులతో గాలి ఊదుతూ సుమారు ఒక పగలూ రాత్రీ కాల్చి ఉక్కు తీయడం కళ్ళారా చూసి రాసుకున్నాడు. ఆ రాత ఆయన చనిపోయాక, 1832లో కలకత్తాలో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులో ఒక పర్షియన్ వర్తకుడు కనిపిస్తాడు. ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి కోనసముద్రం దాకా వచ్చినవాడు. ఇదే ఉక్కును తమ దేశంలో చేయబోతే కుదరలేదని ఆయనే వాయిసీకి చెప్పాడు. గుర్రాల మీద, ఓడల మీద వెళ్ళి ఆ ఉక్కు ముద్దలు పర్షియాలో కత్తులయ్యాయి.

లండన్‌లో దీని మీద పరిశోధన అంతకు ముందే మొదలైంది. ఇంగ్లిష్ వాళ్ళు ‘వూట్జ్’ అని పిలిచిన ఈ ఉక్కు గురించి 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. తర్వాత కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి మైకేల్ ఫారడే దాన్ని పరీక్షించాడు. విద్యుత్తుతో పేరు తెచ్చుకోక ముందు ఫారడే తలమునకలైన పనుల్లో మన ఉక్కు ఒకటి. ఇటీవలి కాలంలో ఈ పరిశోధన మళ్ళీ ఊపందుకుంది. ఈ ఉక్కు మీద నీళ్ళలో సుడుల్లా కనిపించే గీతలకు ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం లాంటి మూలకాలే కారణమని అమెరికాలో లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి అల్‌ఫ్రెడ్ పెండ్రే 1998లో తేల్చారు. ఈ రకం ఉక్కుతో చేసిన 17వ శతాబ్దపు ఖడ్గం ముక్కలో కార్బన్ నానోట్యూబులు ఉన్నాయని 2006లో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళు తిరిగి, పాత కొలుముల చిట్టెం కుప్పలున్న చోట్లను వందల్లో నమోదు చేశాయి.

ఇన్ని శతాబ్దాల వ్యాపారంలో ఆ కత్తులకు నిలిచిన పేరు డమాస్కస్. అంటే బజారు పేరు. మూసలో ఉక్కు కరిగించిన ఊరి పేరు పర్షియాలోనూ నిలవలేదు, లండన్‌లోనూ నిలవలేదు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఉక్కు టన్నుల్లో చవగ్గా తయారవడం మొదలయ్యాక, బొగ్గుకు అడవి కరువయ్యాక, తెలంగాణ కొలుములు ఒక్కొక్కటే చల్లారాయి. ఈరోజు ఆన్‌లైన్‌లో ‘డమాస్కస్ కత్తి’ అని వెతికితే వచ్చేవాటిలో చాలా భాగం పాకిస్తాన్ పంజాబ్‌లోని వజీరాబాద్‌లో తయారైనవి. రెండు రకాల ఉక్కు పట్టీలను మడతలు వేసి కొట్టి గీతలు తెప్పిస్తారు. పనితనంలో వాటికి తక్కువేమీ లేదు. కానీ కోనసముద్రం మూస ఉక్కుకూ దానికీ సంబంధం లేదు. కొనేవాళ్ళు ఈ తేడా తెలిసి కొనాలి.

ఊళ్ళు మారిన తీరు

ఇంగ్లండ్‌లో కత్తి అంటే షెఫీల్డ్. అక్కడి కత్తి పనివాళ్ళ సంఘం 1624లోనే చట్టబద్ధంగా ఏర్పడింది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూస ఉక్కు తీశాక షెఫీల్డ్‌కు తిరుగులేకపోయింది. నక్షత్రం, మాల్టా శిలువ గుర్తున్న జోసెఫ్ రోడ్జర్స్ చాకు బ్రిటిష్ పాలన ఉన్న ప్రతి చోటికీ వెళ్ళింది, మన దేశానికీ వచ్చింది.

ఆ పేరు మీద జర్మనీలోని సోలింగెన్ కన్ను పడింది. చవక సరుకు మీద షెఫీల్డ్ పేరు కొట్టి అమ్ముతున్నారని ఇంగ్లిష్ తయారీదారులు గోల పెట్టారు. 1887లో బ్రిటిష్ పార్లమెంటు సరుకు ముద్రల చట్టం చేసి, విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలంది. ‘మేడ్ ఇన్ జర్మనీ’ ముద్ర అలా పుట్టింది, అవమానించడానికి. సోలింగెన్ వాళ్ళు నాణ్యత పెంచి ఆ ముద్రనే గౌరవంగా మార్చుకున్నారు. 1938 నుంచి వాళ్ళ ఊరి పేరుకే చట్ట రక్షణ ఉంది. ముఖ్యమైన తయారీ దశలు ఆ ప్రాంతంలో జరగకపోతే కత్తి మీద సోలింగెన్ అని కొట్టకూడదు.

జపాన్‌లో సెకీ కథ వేరు. శతాబ్దాల పాటు సమురాయ్ ఖడ్గాలు చేసిన ఊరది. 1876లో బహిరంగంగా ఖడ్గం ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించగానే అక్కడి కమ్మరులు వంటకత్తులకూ కత్తెరలకూ మళ్ళారు. వందేళ్ళ తర్వాత అమెరికన్ కంపెనీలు తమ మడత చాకుల్ని ఆ ఊళ్ళోనే చేయించుకోవడం మొదలుపెట్టాయి. 1985 తర్వాత యెన్ విలువ బాగా పెరిగింది. చవక చోటు వెతుక్కుంటూ పని తైవాన్‌కు, చైనా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని యాంగ్‌జియాంగ్‌కు వెళ్ళింది. మన వంటింటి చాకుల్లోనూ ఆ సరుకు కొంత ఉంది. నిలబడి తరిగే వంటగట్లు వచ్చాక నేల మీద కూర్చుని వాడే కత్తిపీట పక్కకు జరగడం దానికి దారి ఇచ్చింది.

అమెరికాలో ఈ మార్పు సేకర్తలకు గుండె కోత అయింది. వందేళ్ళ పాటు న్యూయార్క్ రాష్ట్రంలో నడిచిన ష్రేడ్ కంపెనీ 2004లో మూతపడింది. పేరు అమ్ముడుపోయి, అదే ‘ఓల్డ్ టైమర్’ చాకు చైనాలో తయారవడం మొదలైంది. యు.ఎస్.ఏ. ముద్ర ఉన్న పాత వాటి కోసం వెతుకులాట అప్పట్నుంచే. బక్ కంపెనీ 2005లో కాలిఫోర్నియా వదిలి ఐడహోలోని పోస్ట్ ఫాల్స్‌కు మారింది. దాని చాకుల మీద ఏటేటా మారే గుర్తును బట్టి ఏ ఊళ్ళో తయారైందో ఇప్పుడు పిల్లలు కూడా చెబుతారు. స్పైడర్కో అయితే దాపరికం లేకుండా కొలరాడోలోని గోల్డెన్, జపాన్‌లోని సెకీ, తైవాన్‌లోని తైచుంగ్, ఎక్కడ చేస్తే ఆ ఊరి పేరే అలుగు మీద కొడుతుంది. నిజాయితీగా చేసిన పని ఏ దేశంలో చేసినా విలువ పోదని ఆ తైచుంగ్ చాకుల నాణ్యతే నిరూపించింది.

పేరు కాపాడుకోలేని ఊరి పరిస్థితికి ఫ్రాన్స్‌లోని లాగియోల్ ఉదాహరణ. తేనెటీగ గుర్తున్న చాకుకు ప్రసిద్ధి అది. ఆ పేరును బయటివాళ్ళు ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుని విదేశీ సరుకు మీద వాడుకుంటుంటే అడ్డుకోలేక, 2012లో ఊరివాళ్ళు తమ ఊరి బోర్డునే పీకేసి నిరసన తెలిపారు. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌ది మరో రకం బాధ. 1990ల్లో అక్కడి ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన అలుగును నిషేధించడంతో రాంపురీ చాకు పరిశ్రమ కుదేలైంది. 2023లో ఊరి కూడలిలో 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు.

అయితే మీరట్ కత్తెర దారి చూపిస్తోంది. అదీ తుక్కు ఉక్కుతోనే, వాహనాల కమాను పట్టీలతోనే తయారవుతుంది. అచ్చం చింతపల్లి కత్తిలాగే. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. తుక్కుతో చేసిన వస్తువుకు ఊరి పేరు ఎందుకని అక్కడ ఎవరూ అనుకోలేదు. విలువ లోహంలో కాక చేతిలో ఉందని గుర్తించారు. మన అరకు కాఫీకి 2019లో ఆ గుర్తింపు వచ్చింది. అదే తోటల్లో పనిచేసే కత్తికీ ఆ అర్హత ఉంది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొత్తవలస – కిరండూల్ రైలు మార్గాన్ని వేశారు. సొరంగాలు దాటుకుంటూ అరకు మీదుగా విశాఖ రేవుకు ఆ ఖనిజం ఇప్పటికీ దిగుతోంది. 1971లో శంకుస్థాపన జరిగిన విశాఖ ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఇంత ఇనుము కళ్ళ ముందు నుంచి పోతున్నా మన్యం కమ్మరికి చేరేది పాత లారీ తుక్కే. మంచి ఉక్కు పట్టీలు సరసమైన ధరకు కొలిమి దాకా అందించడం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏ), గిరిజన సహకార సంస్థకు మోయలేని బరువేమీ కాదు.

ఏం దాచాలి, ఎలా దాచాలి

తెలుగు నేల మీద కత్తుల సేకరణ అనగానే గుర్తొచ్చేది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949). ఆయన సంపాదనే 1951లో హైదరాబాద్‌లో మ్యూజియమైంది. జహంగీర్ పచ్చరాతి పిడి బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న చాకు అక్కడ చూడొచ్చు. వాటిని వాడిన రాజులూ రాణుల పేర్లు పలక మీద ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ళు లండన్‌కు తరలించిన మన ఆయుధాలకు 1880లో విల్‌బ్రహం ఎగర్టన్ పెద్ద కేటలాగు రాశాడు. అందులో వర్గీకరణ ప్రాంతాన్ని బట్టి, తెగను బట్టి ఉంటుంది.

చేసినవాడి వైపు నుంచి సేకరించడం ఎలాగో షెఫీల్డ్‌లో కెన్ హాలీ (1927–2014) చూపించాడు. పనిముట్ల దుకాణం నడిపిన మనిషి. తన ఊళ్ళో కార్ఖానాలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతుంటే వెళ్ళి పూర్తయిన కత్తులే కాక సగం చేసినవీ, అచ్చులూ, సుత్తులూ, ధరల పుస్తకాలూ తెచ్చి భద్రపరిచాడు. పనివాళ్ళను మాట్లాడించాడు, ఫిల్ము తీయించాడు. అదంతా ఇప్పుడు అక్కడి కెల్‌హామ్ ఐలండ్ మ్యూజియంలో ఉంది. పాత కత్తి ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే ప్రపంచం నలుమూలల నుంచీ అక్కడికి వెళ్తున్నారు.

మన్యంలో కావలసింది ఇదే. 1996లో ప్రారంభమైన అరకు గిరిజన మ్యూజియంలో వేట సామగ్రి, పనిముట్లు ఉన్నాయి. లంబసింగి దగ్గర తాజంగిలో అల్లూరి పేరిట గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియాన్ని కేంద్రం తలపెట్టింది. ఆ ప్రాంగణంలో ఒక కొలిమిని పెట్టించాలి. ఒక కత్తిని లారీ పట్టీ ముక్క దగ్గర నుంచి పొన్ను తొడిగే దాకా దశల వారీగా అమర్చి, పక్కన కమ్మరి పేరు, ఊరు, ఏడాది రాయాలి. పెదబయలు కత్తికీ జి.మాడుగుల కత్తికీ వంపులో, పిడిలో తేడా ఏమిటో పోల్చి చూపాలి. పెద్ద కమ్మరులు ఉండగానే ఈ పని జరగాలి. రంగు చూసి పదును పట్టే విద్య పుస్తకాల్లో లేదు, వాళ్ళ కళ్ళలో ఉంది. వాళ్ళ పిల్లల్లో చాలామంది డిగ్రీలు చదివి వేరే పనుల్లోకి వెళ్తున్నారు, వెళ్ళాలి కూడా. విద్య మాత్రం నమోదు కావాలి.

సొంతంగా దాచుకోవాలనుకునేవాళ్ళు చట్టం తెలుసుకోవడం మంచిది. ఆయుధ నియమాల ప్రకారం తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండంగుళాల వెడల్పు మించిన కత్తి ఆయుధం కిందికి వస్తుంది. ఇంటిపనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకూ చేసినవాటికి మినహాయింపు ఉంది. పోడు కత్తి, కల్లుగీత కత్తి ఆ మినహాయింపులోవే. అయినా పట్నం బస్సులో చంకన పెట్టుకుని తిరగకూడదు. గుడ్డలో చుట్టి, మూటగట్టి తీసుకెళ్ళాలి. వందేళ్ళు దాటిన వస్తువైతే 1972 పురావస్తు చట్టం కింద దేశం దాటించడం నేరం.

లంబసింగి మంచు చూడటానికి ఏటా వేల మంది వస్తున్నారు. చింతపల్లి సంతలో కమ్మరి కత్తి కొంటే బేరం అయ్యాక మరో రెండు నిమిషాలు ఆగండి. చేసినవారి పేరు, ఊరు అడగండి. ఆయన ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ ఒక చీటీ మీద రాసి పిడికి కట్టండి. కొబ్బరినూనె రాసి, తడి తగలని చోట దాచండి.